రెండు క్లస్టర్లు, ఒకే ల్యాప్‌టాప్: సరిహద్దును కట్టిన కేసు

నేపథ్యం

ఈ కేసు చెల్లింపుల లావాదేవీలు నడిపే ఒక మధ్యస్థాయి ప్రొడక్ట్ టీమ్‌ది. రెండు నగరాల్లో నడిచే తమ సిస్టమ్‌ను ఒక్క ల్యాప్‌టాప్ మీదే పరీక్షించుకునేలా కట్టుకోవడం దీని విషయం, ఆ పనిలో నేనూ వాళ్లతో ఉన్నాను. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. టెక్నికల్ విషయాలను మాత్రం మార్చలేదు.

వాళ్ల ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, చాలాకాలం క్లౌడ్‌లోని ముంబై రీజియన్‌లో (అక్కడి డేటా సెంటర్లలో) ఒకే ఒక్క కుబర్నెటీస్ క్లస్టర్ మీద నడిచింది. కుబర్నెటీస్ అంటే కంటైనర్లలో పెట్టిన ప్రోగ్రాములను మెషిన్ల గుంపు మీద నడిపే సాఫ్ట్‌వేర్. ఆ గుంపు క్లస్టర్, అందులో ఒక్కో మెషిన్ నోడ్, దాని మీద నడిచే ఒక్కో ప్రోగ్రాం యూనిట్ పాడ్. చెల్లింపుల డేటా దేశంలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018లో నిబంధన పెట్టింది కాబట్టి, రెండో చోటు కావాలంటే అదీ దేశంలోనే దొరకాలి. వాళ్లు వాడే క్లౌడ్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో రీజియన్ తెరిచింది. దాంతో రెండో క్లస్టర్ అక్కడ పెట్టారు. రెండింటినీ ఇస్టియో సర్వీస్ మెష్‌తో (సర్వీస్‌ల మధ్య కాల్స్‌కు దారి చూపి, భద్రంగా పంపే పొర) కలిపారు. ఏ క్లస్టర్ కంట్రోల్ ప్లేన్ (నిర్వహణ భాగం) దానిదే, ఏ క్లస్టర్ నెట్‌వర్క్ దానిదే. ఒక క్లస్టర్‌లోని పాడ్ రెండో క్లస్టర్‌లోని పాడ్‌ను నేరుగా అందుకోలేదు. అవతలి వైపు ఈస్ట్-వెస్ట్ గేట్‌వే (క్లస్టర్ల మధ్య ట్రాఫిక్‌కు ప్రవేశ ద్వారం) ఉంటుంది, 15443 పోర్ట్ మీద దాని గుండానే లోపలికి వెళ్లాలి.

ఈ చివరి వాక్యమే కేసంతటికీ ప్రాణం. టీమ్‌లో ఆ సంగతి తెలియని వాళ్లు లేరు. కానీ ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ ఆ గేట్‌వే లేదు.

వచ్చిన సమస్య

స్టేజింగ్‌లో (విడుదలకు ముందు పరీక్షించే, ప్రొడక్షన్‌ను పోలిన సిస్టమ్‌లో) అప్పుడప్పుడు ఒక ఎర్రర్ వచ్చేది: ఇప్పుడే రాసిన లెడ్జర్ (లావాదేవీల ఖాతా) ఎంట్రీ దొరకలేదని. మళ్లీ ప్రయత్నిస్తే దొరికేది. లాగ్‌లు తిరగేస్తే తేలిందేమిటంటే, ముంబైలో మొదలైన ఒకే లావాదేవీలో మొదటి కాల్ ముంబై లెడ్జర్‌కు వెళ్తోంది, రెండోది హైదరాబాద్ లెడ్జర్‌కు వెళ్తోంది. అక్కడి డేటాబేస్‌కు ఆ ఎంట్రీ ఇంకా చేరలేదు.

డెవలపర్లు దీన్ని తమ దగ్గర రప్పించాలని ఎంత చూసినా కుదరలేదు. ఎందుకు కుదరలేదో వాళ్ల సెటప్ చూడగానే అర్థమైంది. ల్యాప్‌టాప్‌లో ఒకే క్లస్టర్, అందులో ముంబైకి ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్ లోపలి విభాగం), హైదరాబాద్‌కు ఒక నేమ్‌స్పేస్. చూడటానికి రెండు వైపులూ ఉన్నట్టే ఉంది. కానీ మల్టీ-క్లస్టర్ మెష్‌లో ఒకే నేమ్‌స్పేస్‌లో ఒకే పేరుతో ఉన్న సర్వీస్‌ను ఇస్టియో ఒకే సర్వీస్‌గా లెక్కేస్తుంది. రెండు క్లస్టర్లలోని పాడ్‌లనూ ఒకే జాబితాలో కలిపేసి కాల్స్‌ను వాటి మధ్య పంచుతుంది. నేమ్‌స్పేస్ పేర్లు వేరైతే అవి రెండు వేర్వేరు సర్వీస్‌లు, వాటిని కలిపే ప్రసక్తే రాదు. అంటే స్టేజింగ్‌లో వస్తున్న తప్పు ఆ లోకల్ సెటప్‌లో పుట్టే అవకాశమే లేదు.

దగ్గరి పాడ్‌కే ముందు పంపమని ఇస్టియోకు చెప్పొచ్చు. దానికి డెస్టినేషన్ రూల్‌లో (ఒక సర్వీస్‌కు కాల్స్ ఎలా పంపాలో చెప్పే ఫైల్‌లో) అవుట్‌లయర్ డిటెక్షన్ (వరసగా ఎర్రర్లిచ్చే పాడ్‌ను పక్కన పెట్టడం) ఉండాలి, నోడ్‌ల మీద రీజియన్ లేబుల్స్ ఉండాలి. క్లౌడ్‌లో లేబుల్స్ వాటంతట అవే వచ్చేస్తాయి. అవుట్‌లయర్ డిటెక్షన్ కొన్ని సర్వీస్‌లకు పెట్టారు, లెడ్జర్‌కు పెట్టలేదు. ఆ ఫైల్‌లో నాలుగు లైన్లు చేరిస్తే ఆ ఎర్రర్ పోతుంది. అదే రోజు చేర్చాం, పోయింది.

అయితే టీమ్ లీడ్ అడిగింది వేరు. ఇలాంటి తప్పు మళ్లీ వస్తే కోడ్ మెర్జ్ కాకముందే, రాసినవాళ్ల మెషిన్ మీదే బయటపడాలి. ఆ కోరిక సబబైనదే. స్టేజింగ్ ఒక్కటే, దాని కోసం అందరూ వరుసలో ఉంటారు. ఒకరు అక్కడ క్లస్టర్‌ను పడగొట్టి చూస్తుంటే మిగతావాళ్ల పని ఆగిపోతుంది.

ముందు పరిశీలించినవి

క్లౌడ్‌లోనే డెవలపర్‌కు రెండేసి చిన్న క్లస్టర్లు ఇద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, క్లస్టర్ లేవడానికి పట్టే సమయమే దాన్ని కొట్టేసింది. పడగొట్టి, మళ్లీ లేపి, మళ్లీ చూడటం సులువుగా ఉంటేనే మనుషులు ఆ పని చేస్తారు. కష్టమైతే ఒకసారి చేసి వదిలేస్తారు.

ల్యాప్‌టాప్‌లో కుబర్నెటీస్ నడిపే మినీక్యూబ్ అనే టూల్‌లో రెండు ప్రొఫైల్స్ పెట్టి చూశాం. డాకర్ (కంటైనర్లు నడిపే టూల్) డ్రైవర్‌తో నడిపితే ప్రొఫైల్‌కో డాకర్ నెట్‌వర్క్ తయారవుతుంది. మొదటిది 192.168.49 వరసలో వస్తే రెండోది 192.168.58 వరసలో వచ్చింది. డాకర్ ఆ రెండు నెట్‌వర్క్‌లనూ ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వదు. విడివిడిగా ఉండటం మాకు నచ్చిన గుణమే. కానీ గేట్‌వేలు కూడా ఒకదాన్నొకటి చేరలేకపోతే ఇక మెష్ ఎక్కడిది? రెంటినీ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టే ఆప్షన్ ఉంది. ఎలాగూ అదే చేయాల్సి వస్తే కైండ్ అనే ఇలాంటిదే మరో టూల్ తేలిక. దాని నోడ్ అంటే ఒక డాకర్ కంటైనర్, కన్ఫిగరేషన్ ఒక చిన్న ఫైల్, సీఐ సర్వర్ (కోడ్‌ను తనంతట తానే పరీక్షించే సర్వర్) మీద కూడా అదే నడుస్తుంది. కుబర్నెటీస్‌ను పరీక్షించడానికే పుట్టిన టూల్ కాబట్టి క్లస్టర్లను లేపడం, పడగొట్టడం దానికి రోజువారీ పని.

కైండ్‌నే తీసుకున్నాం. అసలు పాఠాలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

లేచాయి, కానీ కలవలేదు

మొదటి క్లస్టర్ హాయిగా లేచింది. రెండోది లేచాక కొందరి లినక్స్ ల్యాప్‌టాప్‌లలో క్యూబ్-ప్రాక్సీ (క్లస్టర్ లోపలి నెట్‌వర్క్ దారులు చూసేది) పాడ్ పడుతూ లేస్తూ ఉండిపోయింది. లాగ్‌లో ఒక్కటే మాట: తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి. దాంతో వాళ్లు ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి పెంచుతూ పోయారు, లాభం లేకపోయింది. అసలు పరిమితి ఐనోటిఫైది, అంటే ఫైళ్లలో మార్పులను గమనించే లినక్స్ సదుపాయానిది. నోడ్‌లన్నీ కంటైనర్లే కాబట్టి అన్నిటికీ కెర్నల్ ఒకటే, ఐనోటిఫై ఇన్‌స్టెన్స్‌ల కోటా కూడా ఒకటే. చాలా డిస్ట్రోలలో అది యూజర్‌కు 128. దాన్ని 512కు, వాచ్‌ల సంఖ్యను 524288కు పెంచితే సరిపోయింది. కైండ్ డాక్యుమెంటేషన్‌లో ఉన్న అంకెలు ఇవే. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే సిస్‌కంట్రోల్ ఫైల్‌లో రాసిపెట్టాలి. మ్యాక్‌లో ఈ మార్పు డాకర్ నడిచే వర్చువల్ మెషిన్ లోపల జరగాలి.

తర్వాతిది క్లస్టర్ల పరిచయం. ముంబై ఇస్టియోడీకి (ఇస్టియో కంట్రోల్ ప్లేన్‌కు) హైదరాబాద్ ఏపీఐ సర్వర్ (క్లస్టర్ సమాచారం ఇచ్చే సర్వర్) అడ్రస్, చదవడానికి అనుమతి ఇవ్వాలి. అటు నుంచి ఇటూ అంతే. దీన్ని రిమోట్ సీక్రెట్ అంటారు. ఇస్టియో టూల్ ఈ సీక్రెట్‌ను క్యూబ్‌కాన్ఫిగ్ (క్లస్టర్ అడ్రస్, లాగిన్ వివరాలుండే ఫైల్) చూసి తయారుచేస్తుంది. కైండ్ రాసే క్యూబ్‌కాన్ఫిగ్‌లో అడ్రస్ 127.0.0.1. ల్యాప్‌టాప్ మీద నుంచి చూస్తే అది సరైనదే. ముంబై ఇస్టియోడీ పాడ్ లోపలి నుంచి చూస్తే మాత్రం ఆ అడ్రస్ ఆ పాడ్‌దే. అక్కడ ఏ ఏపీఐ సర్వరూ లేదు. సీక్రెట్ చేరిపోయింది, టూల్ ఒక హెచ్చరిక ఇస్తుంది గానీ ఆపదు. అవతలి సర్వీస్‌లు మాత్రం ఎప్పటికీ కనిపించవు.

టీమ్‌లో ఒకరు కంట్రోల్ ప్లేన్ కంటైనర్ ఐపీ కనుక్కుని సర్వర్ ఆప్షన్‌తో సీక్రెట్‌లో పెట్టారు. పనిచేసింది. అవతలి సర్వీస్‌లు జాబితాలో కనిపించడం చూసి అందరికీ ప్రాణం లేచొచ్చింది. మర్నాడు ల్యాప్‌టాప్‌లు ఆన్ చేస్తే కొందరికి పనిచేయడం లేదు, కొందరికి పనిచేస్తోంది. ఆగిపోయిన ఒక మెషిన్‌లో ఇస్టియోడీ లాగ్ చూశాం. సర్టిఫికెట్ 10.96.0.1కి, 172.18.0.3కి, 127.0.0.1కి చెల్లుతుందట, 172.18.0.2కి చెల్లదట.

ఈ ఒక్క లైన్‌లోనే జరిగిందంతా ఉంది. డాకర్ రీస్టార్ట్ అయినప్పుడు కంటైనర్లకు ఐపీలను లేచిన వరసలో ఇస్తుంది. నిన్న 2 హైదరాబాద్‌ది, 3 ముంబైది. ఈరోజు ముందు లేచింది ముంబై కాబట్టి దానికి 2 దక్కింది. ముంబై ఇస్టియోడీ హైదరాబాద్ అనుకుని 172.18.0.2కి కాల్ చేస్తే, ఎత్తింది ముంబై ఏపీఐ సర్వరే. దాని సర్టిఫికెట్‌లో నిన్నటి ఐపీ ఉంది కాబట్టి టీఎల్ఎస్ (సర్టిఫికెట్ చూసి కనెక్షన్‌ను భద్రం చేసే పద్ధతి) ఆపేసింది. ఆపింది కాబట్టే తెలిసింది.

దీనికి మందు ఐపీని వదిలేసి పేరు వాడటం. కైండ్‌లో క్యూబ్‌కాన్ఫిగ్ తీసే కమాండ్‌కు ఇంటర్నల్ అనే ఆప్షన్ ఇస్తే అడ్రస్ స్థానంలో కంట్రోల్ ప్లేన్ కంటైనర్ పేరు, 6443 పోర్ట్ వస్తాయి. ఆ పేరు నోడ్ హోస్ట్‌నేమ్ కూడా కావడంతో సర్టిఫికెట్‌లో ముందే ఉంటుంది. పాడ్ లోపలి నుంచి అడిగినా కోర్‌డీఎన్ఎస్ (క్లస్టర్‌లో పేర్లకు ఐపీలు చెప్పేది) ఆ ప్రశ్నను నోడ్ ద్వారా డాకర్ డీఎన్ఎస్‌కు పంపుతుంది, అది అప్పటి ఐపీని చెబుతుంది. ఐపీలు ఎన్నిసార్లు మారినా సీక్రెట్ మార్చాల్సిన పని లేదు.

ఇక నమ్మకం సంగతి. క్లస్టర్లు ఒకదాన్నొకటి చూశాయి, కాల్ మాత్రం వెళ్లగానే సర్టిఫికెట్ ధృవీకరణ దగ్గర విరిగిపోయింది. ప్రత్యేకంగా ఏమీ చెప్పకపోతే ఒక్కో ఇస్టియోడీ తన రూట్ సర్టిఫికెట్ తానే తయారుచేసుకుంటుంది. ఇద్దరికీ ఉమ్మడి రూట్ లేకపోతే ఒకరి సంతకం ఇంకొకరికి చెల్లదు. లోకల్‌లో మ్యూచువల్ టీఎల్ఎస్ (రెండు వైపులూ సర్టిఫికెట్ చూపే పద్ధతి) తీసేద్దామా అన్న ఆలోచన వచ్చింది. నేను గట్టిగా వద్దన్నాను. ఈస్ట్-వెస్ట్ గేట్‌వే ట్రాఫిక్‌ను విప్పి చూడదు. టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్‌లో కనిపించే సర్వర్ పేరును బట్టి ఏ సర్వీస్‌కు పంపాలో తేల్చుకుంటుంది. టీఎల్ఎస్ తీసేస్తే గేట్‌వేకు దారి తెలియదు. స్క్రిప్ట్‌తో ఒక రూట్ తయారుచేసి, దాని కింద క్లస్టర్‌కో ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ చేసి, ఇస్టియో ఇన్‌స్టాల్ కాకముందే సీక్రెట్‌గా పెట్టాం. ఈ వరస తప్పకూడదు. ఇన్‌స్టాల్ అయ్యాక పెడితే ఇస్టియోడీని, అప్పటికే నడుస్తున్న పాడ్‌లన్నిటినీ తిరిగి స్టార్ట్ చేయాలి. ఒక్కటి మిగిలిపోయినా దాని పాత సర్టిఫికెట్ ఎవరికీ అర్థంకాని ఎర్రర్లు తెస్తుంది.

దగ్గరి దారి, అది దాచిన తప్పు

ఈలోగా టీమ్‌లో చురుకైన ఇంజనీర్ ఒకరు వేరే దారి పట్టారు. కైండ్ క్లస్టర్లన్నీ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉంటాయి కదా, మరి గేట్‌వే దేనికి? ఒక్కో క్లస్టర్‌కు వేరే పాడ్ రేంజ్ (పాడ్‌ల ఐపీల వరస) ఇచ్చి, ప్రతి నోడ్ మీదా అవతలి రేంజ్‌కు ఒక స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన నెట్‌వర్క్ దారి) వేస్తే, పాడ్ నుంచి పాడ్‌కు నేరుగా వెళ్లొచ్చు. రెండు క్లస్టర్లకూ ఒకే నెట్‌వర్క్ పేరు లేబుల్ ఇస్తే ఇస్టియో కూడా గేట్‌వేను తలచుకోదు. గేట్‌వేలకు అడ్రస్‌లిచ్చే మెటల్‌ఎల్‌బీ అనే టూల్ అక్కర్లేదు, గేట్‌వే పాడ్‌లు అక్కర్లేదు, మెమరీ మిగులుతుంది. అన్ని టెస్టులూ పాసయ్యాయి.

ఇది తేలికపాటి పనేమీ కాదు. ఫ్లాట్ నెట్‌వర్క్ (క్లస్టర్ల పాడ్‌లు ఒకదాన్నొకటి నేరుగా అందుకునేది) ఉన్న సంస్థలకు ఇదే సరైన లోకల్ సెటప్. వీళ్ల ప్రొడక్షన్ ఫ్లాట్ కాదు, చిక్కంతా అక్కడే.

వారం తిరగకముందే ఆ తేడా బయటపడింది. రిపోర్టులు తయారుచేసే పాత సర్వీస్ ఒకటి ఉంది. ఏనాడో ఏదో లైబ్రరీ గొడవ వల్ల దానికి సైడ్‌కార్ (పాడ్‌లోనే ఉండి దాని కాల్స్ నడిపే ఇస్టియో ప్రాక్సీ) ఆపేశారు, ఆ సంగతి అందరూ మర్చిపోయారు. దాన్ని ముంబైలో తీసేసి హైదరాబాద్‌లో మాత్రమే నడుపుదామనుకున్నారు. లోకల్‌లో బాగానే పనిచేసింది, స్టేజింగ్‌లో 503 (సర్వీస్ అందుబాటులో లేదనే ఎర్రర్) వచ్చింది. సైడ్‌కార్ లేని పాడ్‌కు మ్యూచువల్ టీఎల్ఎస్ ఉండదు. వేరే నెట్‌వర్క్‌లో ఉన్న అలాంటి పాడ్‌ను ఇస్టియో జాబితాలోంచే తీసేస్తుంది, ఎందుకంటే గేట్‌వే గుండా దాన్ని చేరే మార్గం లేదు. ఫ్లాట్ నెట్‌వర్క్‌లో మాత్రం సాదా కనెక్షన్‌తో నేరుగా వెళ్లిపోతుంది. ల్యాప్‌టాప్‌లో పనిచేయడానికీ, స్టేజింగ్‌లో పడిపోవడానికీ కారణం ఒకటే: మధ్యలో గేట్‌వే ఉందా లేదా.

"అన్నా, రూట్లు తీసేస్తే మళ్లీ మొదటికొస్తాం కదా, ఇంత కష్టపడి..." అన్నారు ఆ ఇంజనీర్. ఆ బాధ నాకు అర్థమైంది. కానీ మనకు కావాల్సింది రెండు క్లస్టర్లు కాదు, రెండింటి మధ్య ఉన్న గోడ. గోడ లేకుండా గదులు ఎన్ని కట్టినా అదంతా ఒకే హాలు. ఆ రోజు తర్వాత ప్రతి నిర్ణయం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఈ వెసులుబాటు ప్రొడక్షన్‌లో ఉన్న ఏ అడ్డంకిని తీసేస్తోంది? ఏదీ తీసేయకపోతే తీసుకోవచ్చు. తీసేస్తుంటే, ఎంత సుఖంగా ఉన్నా వద్దు.

ఆ ప్రశ్న మమ్మల్ని ఒక అడుగు ముందుకే తీసుకెళ్లింది. పాడ్ రేంజ్‌లు వేరుగా పెట్టాలని మల్టీ-క్లస్టర్ గైడ్లు సాధారణంగా చెబుతాయి. క్లస్టర్లను కలిపే సిలియం క్లస్టర్ మెష్ లాంటి టూల్స్‌కు అది తప్పనిసరి కూడా. మేం కావాలనే రెండింటికీ ఒకే రేంజ్ ఇచ్చాం, కైండ్ తనంతట తాను ఇచ్చే 10.244.0.0/16. వేర్వేరు నెట్‌వర్క్‌లుగా ప్రకటించినప్పుడు రేంజ్‌లు ఒకటే అయినా ఇస్టియోకు ఇబ్బంది లేదు. ఇలా పెడితే ఎవరూ చాటుగా రూట్ వేసి గేట్‌వేను దాటలేరు. నెట్‌వర్క్ లేబుల్ తప్పుగా పెట్టినా అక్కడికక్కడే కాల్ విరిగిపోతుంది, స్టేజింగ్ దాకా పోదు.

నిలబడిన సెటప్

చివరికి కుదిరిన రూపం ఇది. క్లస్టర్‌కు ఒకే నోడ్. కైండ్ కన్ఫిగరేషన్ ఫైల్‌లోనే నోడ్‌కు రీజియన్, జోన్ లేబుల్స్ రాశాం, ప్రొడక్షన్‌లో ఉన్న అవే పేర్లతో. ఇది చాలామంది వదిలేసే లైన్. కైండ్ నోడ్‌లకు ఆ లేబుల్స్ వాటంతట అవి రావు. లేబుల్ లేకపోతే ఇస్టియోకు ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు, డెస్టినేషన్ రూల్ ఎంత బాగా రాసినా దగ్గరి పాడ్‌కు ప్రాధాన్యం దక్కదు. లేబుల్స్ పెట్టాక మొదట వచ్చిన లెడ్జర్ సమస్యను లోకల్‌లోనే రప్పించాం. లెడ్జర్ జవాబు హెడర్‌లో క్లస్టర్ పేరు పంపించి, ఒక పాడ్‌లోంచి కర్ల్‌తో వరసగా కాల్స్ చేస్తే ముంబై, హైదరాబాద్, హైదరాబాద్, ముంబై అంటూ కలగాపులగంగా వచ్చాయి. అవుట్‌లయర్ డిటెక్షన్ చేర్చి మళ్లీ చేస్తే అన్నీ ముంబై. ముంబై లెడ్జర్‌ను సున్నా రెప్లికాలకు తగ్గిస్తే అన్నీ హైదరాబాద్. ఇన్నాళ్లూ డాక్యుమెంట్‌లో చదివిన సంగతి తమ స్క్రీన్ మీద చూడటం టీమ్‌కు ధైర్యమిచ్చింది.

గేట్‌వేలకు లోడ్ బ్యాలెన్సర్ అడ్రస్ ఇచ్చేది మెటల్‌ఎల్‌బీ, లేయర్ 2 పద్ధతిలో. రెండు క్లస్టర్లూ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో ఉన్నాయి కాబట్టి వాటికిచ్చే ఐపీ రేంజ్‌లు కలవకూడదు. కలిస్తే ఒకే ఐపీకి రెండు క్లస్టర్లూ ఏఆర్‌పీలో (ఒక ఐపీ ఎవరిదో కనుక్కునే ప్రోటోకాల్) నాదంటే నాదని జవాబిస్తాయి. ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయే ఆ ట్రాఫిక్‌ను చూసి లోపం ఎక్కడుందో పట్టుకోవడం నరకం. ఆ డాకర్ నెట్‌వర్క్ సబ్‌నెట్‌ను కూడా అదృష్టానికి వదిలేయలేదు. కొందరి ఆఫీస్ వీపీఎన్ 172.18 వరసనే వాడుతోంది. అందుకని కైండ్ కంటే ముందే అదే పేరుతో డాకర్ నెట్‌వర్క్‌ను మేమే 172.30.0.0/16తో తయారుచేశాం, చివర్లో ఉన్న అడ్రస్‌లను మెటల్‌ఎల్‌బీకి పంచాం. డాకర్ తన ఐపీలను మొదటి నుంచి ఇచ్చుకుంటూ వస్తుంది కాబట్టి ఢీకొనే భయం లేదు.

మ్యాక్ వాడేవాళ్లకు ఆ లోడ్ బ్యాలెన్సర్ ఐపీలు బ్రౌజర్‌లో తెరుచుకోవు. డాకర్ వర్చువల్ మెషిన్‌లో నడుస్తుంది, ఆ లోపలి నెట్‌వర్క్‌కు మ్యాక్ నుంచి దారి ఉండదు. దీని కోసం అదనపు టన్నెల్ టూల్స్ చూశాం కానీ పెట్టలేదు. మనం పరీక్షించేది క్లస్టర్ నుంచి క్లస్టర్‌కు వెళ్లే కాల్స్, అవి లోపల లోపలే జరుగుతాయి. బ్రౌజర్ కోసం కన్ఫిగరేషన్‌లో పోర్ట్ మ్యాపింగ్ చాలు.

ఇమేజ్‌ల (కంటైనర్లను నడిపే ప్రోగ్రాం ప్యాకేజీల) విషయంలో ఒక మాట. ఒక్కో నోడ్‌లో దాని కంటైనర్‌డీ (ఇమేజ్‌లు దించుకుని నడిపేది) దానికే ఉంటుంది, ఒకరు దించుకున్న ఇమేజ్ ఇంకొకరికి కనిపించదు. లాగిన్ లేకుండా డాకర్ హబ్ నుంచి దించుకుంటే కోటా ఉంటుంది, ఆఫీసులో అందరిదీ ఒకే పబ్లిక్ ఐపీ అయితే అది ఇంకా త్వరగా అయిపోతుంది. కైండ్ లోడ్ కమాండ్‌తో ఎక్కించొచ్చు గానీ పెద్ద ఇమేజ్‌ను రెండు చోట్లా ఎక్కించడం ప్రతి మార్పుకూ విసుగు. ఒక లోకల్ రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే చోటు) కంటైనర్‌ను అదే డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టి, రెండు నోడ్‌ల కంటైనర్‌డీకి దాని అడ్రస్ చెప్పాం. ఒకసారి పుష్ చేస్తే ఇద్దరూ తీసుకుంటారు.

మెమరీ దగ్గర మాత్రం చాలా ఆగాల్సి వచ్చింది. 16 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు నోడ్‌లనూ డిస్క్రైబ్ చేసి చూస్తే, రెండూ తమ దగ్గర 16 జీబీ ఉందనే చెబుతాయి. కైండ్ నోడ్ హోస్ట్ మెమరీ మొత్తాన్నీ తనదిగా చూస్తుంది, పక్కన ఇంకో నోడ్ అదే మెమరీని లెక్కేసుకుంటోందని దానికి తెలియదు. షెడ్యూలర్ ఆ లెక్క నమ్మి పాడ్‌లు ఎక్కిస్తుంది. నిండిపోయాక కుబర్నెటీస్ పద్ధతిగా ఏదీ ఖాళీ చేయించదు, హోస్ట్ కెర్నలే ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. ఒకసారి అది ఈటీసీడీని (క్లస్టర్ సమాచారమంతా దాచే డేటాబేస్‌ను) చంపింది. క్లస్టర్ మొత్తం పోతే అందరూ మెష్‌ను అనుమానించారు. డాకర్‌కే ఒక మెమరీ పరిమితి పెట్టడం, ప్రతి సర్వీస్‌కూ లోకల్ లిమిట్స్ రాయడం మొదటి పని. ఇస్టియోడీ మామూలు ప్రొఫైల్‌లో ఒక్కోటి 2 జీబీ అడుగుతుంది, లోకల్‌లో దాన్ని బాగా తగ్గించాం. అన్నిటికంటే పనిచేసింది మాత్రం ఇది: రెండో క్లస్టర్‌లో అన్ని సర్వీస్‌లూ పెట్టడం మానేశాం. ఎవరు ఏ సర్వీస్ మీద పనిచేస్తున్నారో అదీ, అది పిలిచేవీ మాత్రమే అక్కడ లేస్తాయి. సరిహద్దు దాటే కాల్ ఒక్కటున్నా గోడ ఉన్నట్టే కదా.

క్లస్టర్ చేయగానే కైండ్ ప్రస్తుత కాంటెక్స్ట్‌ను (కమాండ్‌లు ఏ క్లస్టర్‌కు వెళ్లాలో చెప్పే ఎంపికను) దానికి మార్చేస్తుంది. ముంబైకి అనుకున్న ఫైల్ హైదరాబాద్‌కు పోతుంది. స్క్రిప్టుల్లో ప్రతి కమాండ్‌కూ కాంటెక్స్ట్ పేరు రాయాలని నియమం పెట్టాం. లోకల్ క్యూబ్‌కాన్ఫిగ్‌ను పూర్తిగా వేరే ఫైల్‌లో ఉంచాం, ప్రొడక్షన్ కాంటెక్స్ట్‌లు ఆ ఫైల్ దరిదాపుల్లో ఉండకూడదు.

పడగొట్టి చూడటం

సరిహద్దు నిలబడ్డాక దాన్ని కుదిపే పని మొదలైంది. అవతలి రీజియన్ దూరాన్ని చూపడానికి నోడ్ కంటైనర్‌లో లినక్స్ టీసీ కమాండ్‌లోని నెట్‌ఎంతో ప్యాకెట్లకు కృత్రిమ ఆలస్యం పెట్టాం, స్టేజింగ్‌లో కొలిచినంత. బయటికి వెళ్లే ప్యాకెట్‌కే ఆలస్యం పడుతుంది కాబట్టి ఒక్క వైపు పెడితే రానుపోను సమయానికి సరిపోతుంది. క్లస్టర్ పూర్తిగా లేచాకే పెట్టాలి, ఎందుకంటే ఆ ఇంటర్‌ఫేస్ మీద కుబ్‌కంట్రోల్ (క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే కమాండ్) జవాబులు కూడా వెళ్తాయి. ఆలస్యం పెట్టగానే ఒక సర్వీస్ లూప్‌లో ఒక్కో ఎంట్రీకి ఒక్కో కాల్ చేస్తోందని తెలిసింది. ఒకే మెషిన్‌లో అది ఎప్పుడూ కంటికి కనిపించలేదు.

క్లస్టర్ పోవడం అంటే ఏమిటన్న దాని మీద టీమ్‌తో ఎక్కువసేపు మాట్లాడాను. మొదట అందరూ డాకర్ స్టాప్ వాడారు. కంటైనర్ ఆగితే ఐపీనే ఉండదు, కనెక్షన్ త్వరగానే విఫలమవుతుంది, ట్రాఫిక్ ఇటు మళ్లుతుంది. చూడటానికి బాగుంటుంది. నిజమైన వైఫల్యాలు చాలావరకు అలా ఉండవు, అవతలి వైపు బతికే ఉండి పలకకపోవడమే ఎక్కువ. దానికి డాకర్ పాజ్ సరైనది. ప్రాసెస్‌లన్నీ ఉన్నచోట గడ్డకడతాయి, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు మాత్రం తెగవు. అవతలి కెర్నల్ ప్యాకెట్లు అందుకుంటూనే ఉంటుంది, జవాబిచ్చే ప్రాసెస్ లేదు.

హైదరాబాద్‌ను పాజ్ చేసి, అక్కడ మాత్రమే ఉన్న రిపోర్టుల సర్వీస్‌ను ముంబై నుంచి పిలిచాం. ఈసారికి దానికి సైడ్‌కార్ పెట్టేశారు. ఎర్రర్ రాలేదు, జవాబూ రాలేదు, అభ్యర్థనలు పోగుపడ్డాయి. ఇస్టియోలో హెచ్‌టీటీపీ అభ్యర్థనకు టైమ్‌అవుట్ మనం పెడితేనే ఉంటుంది, పెట్టకపోతే అంతూపొంతూ లేకుండా ఎదురుచూస్తుంది. అప్లికేషన్‌లో ఉన్నదేమో కనెక్షన్ కుదరడానికి టైమ్‌అవుట్ మాత్రమే, కనెక్షన్ ఎప్పుడో కుదిరింది. ఎర్రర్ పుట్టకపోతే అవుట్‌లయర్ డిటెక్షన్ లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. అంటే లెడ్జర్‌కు మేం మొదటిరోజు చేర్చిన నాలుగు లైన్లు కూడా ఈ రకం వైఫల్యంలో సగం పనే చేస్తాయి. వర్చువల్ సర్వీస్‌లో (కాల్స్ దారులు రాసే ఇస్టియో ఫైల్‌లో) అభ్యర్థనకు టైమ్‌అవుట్ రాశాక, అది 504గా (సమయం మించిందనే ఎర్రర్‌గా) మారి, లెక్కలోకి వచ్చింది. లెడ్జర్‌లా రెండు చోట్లా ఉన్న సర్వీస్‌కైతే అప్పుడు ట్రాఫిక్ కూడా మళ్లుతుంది. ఈ ఒక్క లోపం ల్యాప్‌టాప్ మీద దొరకడమే పెట్టిన శ్రమంతటికీ సరిపోయింది.

ఇంకొకరు మొదలుపెడుతుంటే

ఇలాంటి పనికి పూనుకునేవాళ్లు టూల్ ఎంపిక కంటే ముందు ఒక కాగితం మీద ప్రొడక్షన్ క్లస్టర్ల మధ్య ఏమేం వేరో రాసుకోవాలని అంటాను: నెట్‌వర్క్, రూట్ సర్టిఫికెట్, డీఎన్ఎస్, రీజియన్ లేబుల్, దూరం, డేటాబేస్. కైండ్ అయినా, కే3డీ అయినా, మినీక్యూబ్ అయినా ఒకే మెషిన్ మీద వీటిలో చాలావాటిని చెరిపేస్తుంది, తప్పు టూల్‌ది కాదు. మీ కాల్స్ ఏ తేడా మీద ఆధారపడ్డాయో దాన్ని చేత్తో తిరిగి కట్టుకోవాలి. మా కేసులో అవి గేట్‌వే, రూట్ సర్టిఫికెట్, లేబుల్స్, ఆలస్యం. మీది ఫ్లాట్ నెట్‌వర్క్ అయితే మేం తీసేసిన స్టాటిక్ రూట్లే మీకు సరైనవి.

సెటప్ అంతా ఒకే స్క్రిప్ట్‌లో ఉండాలి, మధ్యలో ఆగితే మళ్లీ నడిపినా ఏమీ పాడవకూడదు. బాగుచేసుకుంటూ కూర్చోవడం కంటే చెరిపేసి మళ్లీ లేపడం తేలికయ్యేదాకా దాని మీద పని చేశాం. పాడైన క్లస్టర్‌ను కాపాడుకునే అలవాటు పడితే ఒక్కొక్కరి మెషిన్‌లో ఒక్కో రకం సెటప్ తయారవుతుంది.

ఈ సెటప్ చూపించలేనివి కూడా ఉన్నాయి. రెండు క్లస్టర్లకూ గడియారం ఒకటే కాబట్టి సమయం తేడాల వల్ల వచ్చే చిక్కులు ఇక్కడ పుట్టవు. క్లౌడ్ లోడ్ బ్యాలెన్సర్ హెల్త్ చెక్‌ల ప్రవర్తన మెటల్‌ఎల్‌బీకి లేదు. క్లౌడ్ గుర్తింపు అనుమతులు అసలే లేవు. వీటికి తోడు రెండు ఈటీసీడీలూ ఒకే డిస్క్ మీద రాస్తాయి, పెద్ద బిల్డ్ నడుస్తుంటే కంట్రోలర్లు లీడర్‌షిప్ కోల్పోయి రీస్టార్ట్ అవుతాయి. అది చూసి మెష్‌లో తప్పు వెతకకూడదు. గడియారం, లోడ్ బ్యాలెన్సర్, అనుమతులు అనే మూడింటినీ స్టేజింగ్‌లోనే చూడాలని, అక్కడ చూడకుండా విడుదలకు సరే అనకూడదని టీమ్ తమ రిపోజిటరీ రీడ్‌మీ మొదటి పేరాలో, ఇన్‌స్టాల్ కమాండ్ కంటే పైనే రాసి పెట్టుకుంది.